ఇరవై ఒకటో వాటా

కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. క్లాసులో బల్లల మధ్య తిరుగుతూనే పాఠం చెబుతాను. బస్సులో సీటు దొరికినా కాసేపటికి లేచి నిలబడతాను. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఆ రోజు రాజమండ్రిలో ఒక సెమినారుకి అధ్యక్షుణ్ణి చేసి, వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఆరోగ్యం మీద పెట్టే ఖర్చుకీ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం ఏమిటన్నది అంశం. ముప్పై ఏళ్ళు కూడా నిండని కుర్రాడొకడు తెర మీద గీతలు చూపిస్తూ, దేశాలు ముందు సంపాదించి ఆ తర్వాత ఆసుపత్రులు కట్టుకుంటాయా, ఆసుపత్రులు కట్టుకున్నాకే సంపాదించడం మొదలెడతాయా అని అడుగుతున్నాడు. అడిగి, ఏది ముందన్నది ఇంకా తేలలేదని తనే ఒప్పుకున్నాడు. నేను అప్పటికే కుర్చీ కింద చెప్పులు విప్పడం, తొడగడం నాలుగోసారి చేస్తున్నాను.

జేబులో సెల్‌ఫోను వణికింది. ఊరి నుంచి మా తమ్ముడు. బల్ల చాటుకి వంగి ఎత్తాను. "అన్నయ్యా, మేస్త్రమ్మ పోయింది. మొన్ననే. నీకు చెప్పాలో వద్దో తెలీక ఆగాను," అన్నాడు. చెప్పాలో వద్దో తెలీక ఎందుకు ఆగాడో నాకు తెలుసు. అర్జంటు పని పడిందని పక్కాయనతో గొణిగి, సభ మధ్యలోంచి లేచి వచ్చేశాను. నిర్వాహకులు మర్యాద తప్పకుండా గుమ్మం దాకా వచ్చి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి చేతిలో పెట్టారు. ఆ పెట్టె పట్టుకుని రావులపాలెం బస్సెక్కాను. సీటు ఉన్నా కూర్చోలేకపోయాను.

ఆవిడ పేరు రాయను, ఊరందరికీ మేస్త్రమ్మే. మా ఊళ్ళో వరినాట్లు వేసే ఊడ్పుల ముఠా ఒకటి ఆవిడ చేతి కింద నడిచేది. ఇరవై మంది ఆడవాళ్ళు. సార్వా, దాళ్వా రెండు పంటలకీ ఎకరానికి ఇంత అని రైతుతో మాట్లాడుకుని, చేలో వరి ఆకు, అంటే నారు, ఊడ్చి, సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చుని వచ్చిన కూలి పంచుకునేవారు. మా నాన్నగారు ఆవిడని "అది" అనేవారు. నేను ఎదురుగా "నువ్వు" అనేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి దానంతట అదే "ఆవిడ" అని రాస్తోంది. బతికుండగా ఒక్కసారీ నోటికి రాని మర్యాద ఇప్పుడు కాగితం మీద ఎందుకొస్తోందో అని నామీద నాకే చిరాకుగా ఉంది.

ఆవిడ ఎడమకాలు బోదకాలు. మా వైపు ఆ జబ్బు కొత్తేమీ కాదు, అయినా అంత కాలు నేను చూడలేదు. మోకాలి దగ్గర నుంచి మడమ దాకా ఒకటే లావు. వేళ్ళు ఎక్కడో లోపలికి పోయాయి. కుడికాలికి మెట్టె ఉండేది. ఎడమకాలి మెట్టె పసుపుతాడుకి కట్టుకుని మెడలో వేసుకునేది. ఆ కాలితో బురదలో దిగలేదు కాబట్టి గట్టు మీదే ఉండేది, కానీ కూర్చునేది కాదు. బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకీ, ఆ కాలి మీంచి ఈ కాలి మీదకీ మార్చుకుంటూ, చేను ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ అజమాయిషీ చేసేది. కుదురు లేని మనిషిని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి, ఆవిణ్ణి చూశాక కొంచెం ధైర్యం వచ్చింది.

ఆవిడ రొంటిన ఎప్పుడూ పాలకవరులో చుట్టిన సబ్బుబిళ్ళ ఉండేది. మధ్యాహ్నం చేలోంచి పైకి వచ్చిన ఆడవాళ్ళు అన్నం గిన్నె మూత తీయడానికి వీల్లేదు. ముందు కాలవ రేవులో సబ్బుతో కాళ్ళు కడుక్కోవాలి, పాతగుడ్డతో ఒత్తుకోవాలి, వేళ్ళ సందులు ఆరాయో లేదో ఆవిడకి చూపించాలి. తనకన్నా పెద్దవాళ్ళనైనా వదిలేది కాదు. వంగి, ఒక్కొక్క వేలూ విడదీసి చూసేది. "సందులో తడుంచుకుంటే తలుపు తీసి పడుకున్నట్టేనే," అనేది. ఒకసారి గట్టు జారి నా కాళ్ళకి బురదయితే నా చేతికీ సబ్బు ఇచ్చింది. కాలేజీ లెక్చరర్ని, నలుగురు ఆడవాళ్ళ ముందు రేవులో కాళ్ళు కడుక్కుని వస్తే, నా వేళ్ళు కూడా వంగి చూసి, "ఇంకా తడుందండి బాబుగారూ," అని వెనక్కి పంపింది. ముఠా అంతా మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇక వాటా సంగతి చెప్పాలి. మా వైపు ఊడ్పుల ముఠాలు ఇరవై మంది పని చేస్తే కూలిని ఇరవై ఒక్క వాటాలు వేసేవి. ఆ ఎక్కువ వాటా అమ్మవారిది. ఊడ్పులన్నీ అయ్యాక ఆ డబ్బుతో అమ్మవారికి చీరా, కోడీ, ముఠాకి ఒక పూట కమ్మని భోజనం. ఈవిడ పెద్దరికం చేతికి రాగానే ఆ వాటాని సబ్బుబిళ్ళలకీ, మాత్రలకీ, జ్వరం వచ్చి గట్టున కూర్చున్నవాళ్ళ కూలికీ తిప్పేసింది. అమ్మవారికి చీర ఒక్కటే మిగిల్చింది. ముఠాలో పెద్ద ముత్తయిదువలు హడలిపోయారట. పక్క ముఠావాళ్ళు కోళ్ళు కోసుకుంటుంటే ఆ వాసనకి వీళ్ళ ప్రాణాలు లాగేసేవిట. అమ్మవారికి కోపం రాదా అని నేనే ఒకసారి అడిగాను. గుడికెళ్ళి అడిగానని చెప్పింది. "ఏమీ అనలేదండి. అనేదయితే నాకీ కాలు వచ్చేటప్పుడే అనేది."

ఆ వాటాతో నాకు మొదటి తగువు, ఉద్యోగంలో చేరిన కొత్తలో. తొంభైల మొదటి రోజులు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు మొదలై, ఊడ్పులకి నేను సెలవు పెట్టి వస్తుండేవాణ్ణి. ఒక పొద్దున చేను దగ్గరికెళితే గట్టు మీద కొబ్బరాకుల పందిరి కింద ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు ఆకుకట్టల మీదకి ఎత్తిపెట్టుకుని పడుకున్నారు. జ్వరమట. వాళ్ళకీ కూలి ఉందట. జ్వరమైతే ఇంటికి పంపకుండా నా గట్టు మీద ఈ పడకలేమిటన్నాను. ఇంటికి పంపితే అత్తగార్లు నీళ్ళు మోయిస్తారంది. అది నాకు తట్టలేదు. పోనీ, పని చేయనివాళ్ళకి కూలేమిటన్నాను. నా జేబులోంచి ఒక్క పైసా పోవడం లేదు, అయినా అడిగాను. అప్పట్లో నాకు లెక్కలు బాగా వచ్చునని నమ్మకం.

"వాళ్ళు రేపటి పని చేత్తన్నారండి," అంది.

తర్వాత తన కాలు చూపించి చెప్పింది. పద్నాలుగో ఏట ముఠాలో చేరిందట. గజ్జల్లో బిళ్ళ కట్టి, చలితో జ్వరం వచ్చేదట. ఆ జ్వరంతోనే బురదలో దిగేదట, ఏటా, ఊడ్పులయ్యేదాకా. దిగొద్దన్నవాళ్ళు లేరు. దిగకపోతే కూలి లేదు. జ్వరం వచ్చి వెళ్ళినప్పుడల్లా కాలు కొంచెం కొంచెం మిగిలిపోయేదట. పట్నంలో డాక్టరు ఈ కడుక్కోవడం, ఆరబెట్టుకోవడం, జ్వరమొస్తే కాలెత్తి పడుకోవడం చెప్పేసరికి ముప్పై దాటింది. ఆ మాటలు చెబుతూ కూడా నిలబడలేదు, అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

"నా ముఠాలో ఇలాటి కాలు ఒక్కటే ఉండాలండి. అది నాదైపోయింది."

నాగమణి అని, కొత్తగా పెళ్ళయిన పిల్ల ఆ మరుసటేడు ముఠాలో చేరింది. పద్దెనిమిదేళ్ళుంటాయి. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. చేరిన సార్వాలోనే ఆ పిల్లకి గజ్జల్లో బిళ్ళ కట్టింది. అప్పటి నుంచీ మేస్త్రమ్మ చూపు ఆ పిల్ల ఎడమకాలి మీదే. రోజూ పొద్దున్నే మెట్టె తిప్పి చూసేది. వదులుగా తిరిగితే చేలోకి, బిగిస్తే పందిట్లోకి. కుట్టుమిషను కొనుక్కోవాలని ఆ పిల్ల ఆరాటం. పందిట్లో కూర్చున్నా కూలి వస్తుందిగానీ ఎకరాలు తరిగి అందరి వాటా తగ్గుతుందని సణిగేది. ఈవిడ వినేది కాదు.

అలాంటి ముఠా మధ్యలోకి నేను దూరాను.

ఆ తర్వాతి సార్వాకి కాలవలకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. వదిలాక వాన పట్టుకుంది. ఊరందరి ఆకూ ఒకేసారి ముదిరిపోతోంది, ఊరందరికీ ఒకేసారి ముఠా కావాలి. నాకు కాలేజీలో పరీక్షలు, మూడు రోజులే సెలవు. మామూలు రేటుకి సగం ఎక్కువ ఇస్తాను, కానీ పందిరి వద్దు, ఇరవై మందీ చేలో ఉండాలి అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నేను రేటు పెంచాను. "రేటు గురించి కాదండి," అని వెళ్ళిపోయింది. మర్నాడు తన మాత్రల కోసం రాజమండ్రి వెళ్ళి, వానకి బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయింది. ఆ సాయంత్రం నేను రేవు దగ్గరికి వెళ్ళి ఆడవాళ్ళతో నేరుగా మాట్లాడుకున్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని సరే అన్నారు. అందరికన్నా ముందు సరే అన్నది నాగమణి.

మర్నాడు ఇరవై మందీ చేలో దిగారు. నాగమణి వణుకుతోంది. తడిసి చలికి వణుకుతోందనుకున్నానని తర్వాత చాలామందికి చెప్పాను. అబద్ధం. అది జ్వరమని నాకు తెలుసు. ఆ పిల్ల వంగినప్పుడల్లా తొడ మీద చెయ్యి పెట్టుకోవడం చూశాను. మధ్యాహ్నం ఎవరూ సబ్బు అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. చీకటి పడేలోపు సగం చేను అయిపోయింది. నాకు చాలా సంతోషం వేసింది. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే అదీ రాయాలి.

రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ బస్సు దిగి, చేతిలో మూటతోనే తిన్నగా చేను దగ్గరికి వచ్చింది. గట్టు మీద నుంచి ఒక్కసారి చేనంతా చూసింది. మూట కింద పెట్టింది. ఎన్నేళ్ళుగానో బురదలో పెట్టని కాలు బురదలో పెట్టింది. ఆ కాలు పీక్కుంటూ, మళ్ళీ వేస్తూ, చేను మధ్య దాకా వెళ్ళి నాగమణి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. రేవులో కూర్చోబెట్టి కాలు కడిగింది. మెట్టె తిప్పబోయింది, తిరగలేదు. కాలు ఎర్రగా కందిపోయి ఉంది. అప్పుడు నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"ఈ పిల్ల కాలు ఎంతకి కొన్నారండి?"

సాయంత్రం లెక్క చూసి డబ్బిచ్చాను. మామూలు కూలి ఇరవై ఒక్క వాటాలు వేసి, నేను ఎక్కువిచ్చినదంతా విడిగా కొంగున కట్టుకుని, ఇది నాగమణి కాలిదని చెప్పేసింది. ముఠా భగ్గుమంది. వానలో తడిసి పని చేసింది మేమైతే సొమ్మంతా దానికా అన్నారు. వాళ్ళది తప్పు కాదు, ఆ డబ్బు చూపించే నేను వాళ్ళని దింపాను. "తప్పు నాది, వాళ్ళకీ ఇస్తాను" అని ఒక్క మాటంటే గొడవ అక్కడికి ఆగేది. అనలేదు. గొడుగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ రాత్రికి తొమ్మిది మంది విడిపోయి వేరే ముఠా కట్టుకున్నారు. కోడీ, భోజనం మళ్ళీ మొదలెట్టారు.

దాళ్వాకి ఆవిడ పదకొండు మందితో వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, కాళ్ళు మార్చుకుంటూ, ఇక మీదట పన్నెండో వాటా రైతే పెట్టాలంది. పెట్టనివాళ్ళ చేలో దిగదట. నాన్నగారు లోపల్నుంచి కేకలేశారు. నేను సరే అన్నాను. అప్పటికి నాకు చేతనైన ప్రాయశ్చిత్తం అంతే. ఊళ్ళో నాతో కలిసి ముగ్గురే రైతులు ఒప్పుకున్నారు.

ఇక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాలోని లెక్చరరు ఊరుకోలేదు. రెండేళ్ళ పాటు ఆ ముఠా ఎన్ని ఎకరాలు ఊడ్చిందీ, ఎంతమంది ఎన్ని రోజులు పందిట్లో పడుకున్నదీ రాసుకున్నాను. విడిపోయిన ముఠావి కూడా రాసుకున్నాను. సబ్బూ మాత్రలూ ఉన్న ముఠాలో మనిషికి ఎక్కువ ఎకరాలు పడుతున్నాయని తేలింది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందని మా ఊరి బురదలో నిరూపించేశాననుకున్నాను. కాగితాలు పట్టుకుని గట్టు మీదకి పరిగెత్తి ఆవిడకే ముందు చెప్పాను. నీ వాటా వల్లే నీ ముఠా అందరికన్నా ఎక్కువ ఊడుస్తోందన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు.

ఆవిడ నడక ఆపింది. ఆవిడ అలా కదలకుండా నిలబడిపోవడం నేను చూసింది అదొక్కసారే.

"మరి తక్కువ ఊడిత్తే వాటా తీసేత్తారా బాబుగారూ?"

నేను నవ్వేసి ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, అది జవాబు మాత్రం కాదు. ఆ వ్యాసం కాకినాడలో ఒక సభలో చదివితే చప్పట్లు కొట్టారు. ఆవిడ అడిగిన ప్రశ్న అందులో పెట్టలేదు. ఆ తర్వాత రెండేళ్ళలో లెక్క తిరగబడింది. విడిపోయినవాళ్ళ ముఠాలోకి కుర్రపిల్లలు చేరి ఎక్కువ ఎకరాలు ఊడ్చారు. అదీ రాయలేదు. వాటా మాత్రం పెడుతూనే వచ్చాను. వెళ్ళినవాళ్ళలో నలుగురు తిరిగొచ్చారు, మిగిలిన అయిదుగురూ రాలేదు.

ఇంకొకటి కూడా చేశాను. పదేళ్ళుగా నాగమణి కాళ్ళవైపు చూడలేదు. ఎదురుపడితే మొహం చూసి మాట్లాడేవాణ్ణి. కనిపిస్తుందేమోనని చూపు కొబ్బరిచెట్ల మీదకి పోనిచ్చేవాణ్ణి. ఆ కాలు ఏమైందని తమ్ముణ్ణి అడగలేదు. వాడూ చెప్పలేదు. బస్సులో నిలబడి అదే ఆలోచిస్తున్నాను. ఆవిడ కోరుకున్నది ఒకటే, తన ముఠాలో అలాంటి కాలు ఇంకొకటి ఉండకూడదని. అది దక్కిందో లేదో నేను తెలుసుకోకుండానే, ఆవిడ పోయిందని ఏడవడానికి బయల్దేరాను.

ఊళ్ళో దిగేసరికి దహనం ఎప్పుడో అయిపోయింది. ఇంటి అరుగు మీద ఆవిడ భర్త ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ముఠా ఏదని అడిగితే చేలోకెళ్ళిందన్నాడు. ఊడ్పుల రోజులు, ఆవిడున్నా ఇంట్లో కూర్చోనిచ్చేది కాదన్నాడు. పూతరేకుల పెట్టె ఆ అరుగు మీద పెట్టి చేనివైపు నడిచాను.

పొద్దు వాలుతోంది. గట్టు మీద కొబ్బరాకుల పందిరి అలాగే ఉంది. అందులో ఎవరో పిల్ల కాళ్ళెత్తుకుని పడుకుని ఉంది. నాగమణి చేలోంచి పైకి వచ్చింది. ఇప్పుడు ఆ ముఠాకి తనే పెద్ద. మోకాళ్ళ దాకా బురద, ఏ కాలు ఎలా ఉందో తెలియడం లేదు. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఆయ్, ఇప్పుడొచ్చారా బాబుగారూ," అని రేవులోకి దిగింది. రొంటి నుంచి పాలకవరు తీసింది. నేను వెనకే వెళ్ళి రేవు పైన నిలబడ్డాను. కడుక్కుంటూనే చెప్పింది. పుణ్యస్త్రీగా పోయింది కదా, రెండు కాళ్ళకీ మెట్టెలతో పంపుదామని మెడలోంచి ఆ మెట్టె విప్పారట. ఎంత సాగదీసినా ఎడమకాలికి పట్టలేదట.

"ఆకరికి గుప్పిట్లో పెట్టి పంపామండి," అంది. మొహం మీద నీళ్ళు కొట్టుకుంది.

ఇక చూడక తప్పలేదు. చూశాను. కుడికాలు, ఎడమకాలు. ఎడమకాలు కొంచెం నిండుగా ఉంది, అంతే. వేళ్ళు వేళ్ళలాగే ఉన్నాయి. రెండో వేలికి మెట్టె ఉంది. దాని కొసలు రెండూ బాగా ఎడంగా విప్పదీసి ఉన్నాయి, అయినా వేలి మీద నిలిచి ఉంది.

నా చూపు ఎక్కడుందో నాగమణి కనిపెట్టింది. కాలు దాచుకోలేదు.

"ఆవిడే విప్పదీసి పెట్టిందండి. తీసేత్తానంటే ఊరుకునేది కాదు. పోయే ముందు రోజు కూడా పిలిచి తిప్పి చూసింది."

"తిరిగిందా?" అన్నాను.

"తిరిగిందండి."

నేను అక్కడే రేవు మెట్టు మీద కూర్చుండిపోయాను. చాలాసేపు కూర్చున్నాను. నాగమణి కాళ్ళు ఆరబెట్టుకుని, నా పాదాల వైపు చూసి, సబ్బుబిళ్ళ నా పక్కన పెట్టింది. గట్టు బురద నా కాళ్ళకీ అంటుకుంది. కడుక్కున్నాను. జేబురుమాలుతో తుడుచుకున్నాను. ఆమె వంగి నా వేళ్ళ మధ్య చూసింది.

"ఇంకా తడుందండి," అంది.

మళ్ళీ తుడుచుకున్నాను.